ఏం పని చేస్తావు భాయ్? పాతబస్తీ, సీసం, సంతానం ఫైల్

ఈ ఎపిసోడ్‌లో చార్మినార్ ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అన్న కథ లేదు. చార్మినార్ చుట్టూ బతికే జనం కథ ఉంది. పిల్లల కోసం ఎదురుచూసే జంటల చేతిలో ఒక ఫైల్ ఉంటది చూడండి, దవాఖానా నుంచి దవాఖానాకి మోసుకుంటూ తిరుగుతారు. ఆ ఫైల్‌లో ఏముంటది, ఏముండదు అన్నదే ఇవాళ్టి ముచ్చట.

ఫైల్ తెరిస్తే ముందు వరుసగా ఆమె రిపోర్టులే. ఏఎంహెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, థైరాయిడ్, ప్రొలాక్టిన్, స్కానింగులు. వెనక ఎక్కడో ఆయనది ఒక్క కాగితం, వీర్యం పరీక్ష. కొన్ని ఇళ్లల్లో ఆ ఒక్క కాగితం కోసం ఆయన్ని బతిమాలి తీసుకుపోవడానికే రెండేళ్లు పడుతుంది. ఈలోపు కోడలికి మాటలు పడుతూనే ఉంటాయి. సరే, అన్ని కాగితాలూ వచ్చాయనుకోండి. చాలా ఫైళ్లలో ఒక ప్రశ్నకి మాత్రం జవాబు దొరకదు. ఆయన ఏం పని చేస్తాడు? ఆమె ఏం పని చేస్తుంది? రాసినా, ‘బిజినెస్’ అని ఒక ముక్క రాసి ఉంటది.

పాతబస్తీలో బిజినెస్ అంటే ఏదైనా కావచ్చు కదా. లాడ్ బజార్ వెనక గల్లీల్లో బొగ్గుల మీద లక్క కరిగించి గాజులు చేసే పని కావచ్చు. గుల్జార్ హౌజ్ వైపు వెండి, బంగారం కరిగించే పని కావచ్చు. పాత బ్యాటరీలు విప్పే షెడ్డు, బండ్లకు పెయింట్ కొట్టే దుకాణం, ప్లాస్టిక్ కరిగించే కార్ఖానా. వీటిలో ఒక్కోదాంట్లో ఒక్కో రకం పొగ, ఒక్కో రకం దుమ్ము. ఆ దుమ్ముకీ పిల్లలు పుట్టకపోవడానికీ ఏమన్నా లింకు ఉందా? ఈ ప్రశ్న కొత్తది కాదు. దీనికి మూడొందల ఏళ్ల చరిత్ర ఉంది, అందులో హైదరాబాద్‌కి కూడా గట్టి చోటే ఉంది.

1700లో ఇటలీలోని మోదెనా అనే ఊళ్లో బెర్నార్డినో రమజ్జీని అనే డాక్టర్ ఒక పుస్తకం వేశాడు. మన దగ్గర అప్పటికి గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయి పదమూడేళ్లు. పుస్తకం దేని గురించంటే, పనివాళ్లకొచ్చే జబ్బుల గురించి. కుమ్మరులు, రంగులేసేవాళ్లు, బంగారు పూత పూసేవాళ్లు, ఇలా ఒక్కో పని గురించి రాశాడు. కుండలకు మెరుపు కోసం సీసం వాడే కుమ్మరుల చేతులు ఎట్లా వణుకుతాయో రాశాడు. పాత వైద్యులు రోగిని అడగమన్న ప్రశ్నలకు తను ఒకటి కలిపాడు: నువ్వు చేసే పని ఏంటి? అంతే. చిన్న ప్రశ్న. కానీ వైద్యంలో ఒక పెద్ద దారి అక్కడ మొదలైంది.

ఆ దారిలో 1860 నాటికి పారిస్‌లో కాన్‌స్టాంటాన్ పాల్ అనే డాక్టర్, సీసంతో అచ్చు అక్షరాల పనిచేసే ఆడవాళ్లకు గర్భాలు పదే పదే పోవడం గమనించాడు. అక్కడితో ఆగి ఉంటే ‘ఆడవాళ్లు ఆ పని మానేయాలి’ అని తేల్చేసేవాళ్లు. ఆయన ఇంకో మెట్టు ఎక్కాడు. సీసం పని మొగుడు చేస్తుంటే, పెళ్లాం ఆ పని దగ్గరికి కూడా పోకుండా ఇంట్లోనే ఉంటే? అప్పుడు కూడా గర్భాలు పోతున్నాయని చూశాడు. అంటే విషయం మగవాడి వైపు నుంచి కూడా వస్తోంది. 1860లో ఈ మాట తెలుసు! మనం ఇప్పటికీ మగవాళ్ల పరీక్షని ఆఖరున పెడుతున్నాం.

ఇక 1977. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, లాత్రోప్ అనే ఊరు. అక్కడ పురుగుమందులు తయారుచేసే ఫ్యాక్టరీ. ఒక విభాగంలో పనిచేసే మగవాళ్లు తమలో తాము మాట్లాడుకుంటుండగా ఒక సంగతి బయటపడింది. ఇక్కడ చేరాక మనలో ఎవరికీ పిల్లలు పుట్టట్లేదేంటి అని. ఇట్లాంటి మాట మగవాళ్లు నలుగురిలో అనడానికి ఎంత ఇబ్బంది పడతారో మీకు తెలుసు. అయినా అనుకున్నారు, పరీక్ష చేయించుకున్నారు. కొందరిలో వీర్యకణాలు చాలా తక్కువ, కొందరిలో అసలు లేవు. కారణం డీబీసీపీ అనే మందు, నేలలో పురుగుల్ని చంపడానికి వాడేది. బాధ ఏంటంటే, ఎలుకల్లో ఆ మందు వృషణాలను దెబ్బతీస్తుందని 1961లోనే అచ్చయిన పేపర్ ఉంది. పదహారేళ్లు ఆ పేపర్ ఉంది, ఫ్యాక్టరీ కూడా నడిచింది. 1979లో అమెరికా దాని వాడకాన్ని దాదాపు అంతటా ఆపేసింది. పని మానేశాక కొందరికి కణాలు తిరిగొచ్చాయి. ఎక్కువ కాలం పనిచేసిన కొందరికి రాలేదు.

ఇక మన ఊరికి వద్దాం. పత్తి చేలు మన రెండు రాష్ట్రాల వాళ్లకి కొత్త కాదు. వీపుకి స్ప్రేయర్ కట్టుకుని, ముక్కుకి ఒక తువ్వాలు కూడా లేకుండా మందు కొట్టే మనుషుల్ని మనందరం చూశాం. ఉస్మానియా యూనివర్సిటీకి చెందిన బేగంపేటలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జెనెటిక్స్ శాస్త్రవేత్తలు వీళ్ల ఇళ్లల్లో సంతానం సంగతి లెక్కగట్టారు. మగాయన మందు కలపడం, కొట్టడం చేసే జంటలు వెయ్యికి పైగా, ఆ పని చేయని జంటలు దాదాపు అన్నే. 1991లో పేపర్ వచ్చింది. మందు కొట్టే మగవాళ్లలో సంతానం కలిగినవాళ్లు తక్కువ, వాళ్ల భార్యలకు గర్భస్రావాలు ఎక్కువ, పుట్టిన కొద్ది రోజులకే పోయే బిడ్డలు కూడా ఎక్కువ. పారిస్‌లో 1860లో కనిపించినదే ఇక్కడా కనిపించింది. మందు ముట్టేది ఆయన, గర్భం పోయేది ఆమెకి.

తర్వాత 2002. నాకు ఈ ఎపిసోడ్ చేయాలనిపించిందే ఈ పేపర్ వల్ల. ఫర్టిలిటీ అండ్ స్టెరిలిటీ అని సంతాన వైద్యంలో ప్రపంచమంతా చదివే జర్నల్ ఉంది. అందులో డాక్టర్ రోయా రోజాతీ బృందం హైదరాబాద్ నుంచి ఒక అధ్యయనం అచ్చు వేసింది. సంతానం లేని, కారణం ఏంటో స్పష్టంగా తెలియని 21 మంది మగవాళ్లు ఒక పక్క. వీర్యం బాగుండి పిల్లలు కలిగిన 32 మంది ఇంకో పక్క. వీళ్ల వీర్య ద్రవంలో రెండు రకాల రసాయనాలు వెతికారు. ఒకటి పీసీబీలు, ఒకప్పుడు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో వాడినవి. ఇంకోటి థాలేట్లు, ప్లాస్టిక్‌ని మెత్తగా వంగేలా చేసేవి. రెక్సిన్, పీవీసీ పైపు, కొన్ని సెంట్లు, ఇట్లాంటి వాటన్నిట్లో ఉంటాయి.

ఏం తేలిందంటే, పీసీబీలు సంతానం లేనివాళ్లలో కనిపించాయి, రెండో గుంపులో కనిపించలేదు. థాలేట్లు కూడా మొదటి గుంపులోనే బాగా ఎక్కువ. రసాయనం పెరిగే కొద్దీ చురుగ్గా కదిలే కణాలు తగ్గాయి. ఇంకో విచిత్రం, తిండి ప్రకారం, ఊరి ప్రకారం విడదీసి చూస్తే పట్నంలో ఉంటూ చేపలు తినేవాళ్లలో అన్నిటికంటే ఎక్కువ. తర్వాత పల్లెటూళ్లో చేపలు తినేవాళ్లు. ఆ తర్వాత పట్నం శాకాహారులు. పల్లె శాకాహారుల్లో అన్నిటికంటే తక్కువ. పీసీబీలు కొవ్వులో పేరుకుంటాయి కాబట్టి నీళ్లలోంచి చేపకి, చేపలోంచి మనిషికి ఎక్కుతాయి. (చేపలు మానేయమని కాదు నేను చెప్పేది. చెరువులోకి, నదిలోకి ఏం వదులుతున్నామన్నది మాట్లాడుకోకుండా చేప మీద పడితే ఏం లాభం?)

నాలుగేళ్లకి, 2006లో, అదే బృందం ఆడవాళ్ల వైపు చూసింది. గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. నెలసరి నొప్పి, సంతానం ఆలస్యం, రెండూ దీంతో వస్తాయి. ఈ జబ్బుండి పిల్లలు కలగని 85 మంది రక్తాన్ని, జబ్బు లేని 135 మంది రక్తంతో పోల్చారు. పీసీబీలు, థాలేట్లు జబ్బున్నవాళ్లలో ఎక్కువ. ఆ తర్వాత వేరే దేశాల్లో ఈ విషయం మీద ఎంతో పని జరిగింది. కానీ మన హైదరాబాద్‌లో ఎంతమందికి తెలుసు ఈ పని మన ఊళ్లో జరిగిందని?

అయితే ఒక సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. ఇవి చిన్న అధ్యయనాలు. రసాయనం ఎక్కువున్న చోట సమస్య ఎక్కువుంది అని చెప్పగలవు, రసాయనమే చేసిందని రుజువు చేయలేవు. ఇంకో చిక్కు, థాలేట్లు ఒంట్లో ఎక్కువసేపు ఉండవు, గంటల్లో మూత్రంలో పోతాయి. పైగా రక్తం తీసే ట్యూబు, ప్లాస్టిక్ సీసా నుంచి కూడా కాస్త శాంపిల్‌లో కలిసే ప్రమాదం ఉంది. అందుకే ఇప్పుడు పరిశోధకులు థాలేట్ల కోసం రక్తం కంటే మూత్రం పరీక్షనే నమ్ముతారు, అదీ ఒకసారి కాకుండా పలుసార్లు. పీసీబీలు, సీసం అట్లా కాదు. ఒకసారి వస్తే ఏళ్లకేళ్లు కూర్చుంటాయి.

మరి ఐవీఎఫ్ చేయించుకునేవాళ్ల సంగతి? లక్షలు పెట్టి చేయించుకునే చికిత్స మీద ఈ రసాయనాల ప్రభావం ఉంటుందా? దీని మీద ఎక్కువ ఏళ్లు నడిచిన పని అమెరికాలో, బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో జరిగింది. 2004లో మొదలుపెట్టి, చికిత్సకొచ్చే జంటల మూత్రం, రక్తం దాచిపెట్టి, ఎవరికి గర్భం నిలిచింది, ఎవరికి బిడ్డ పుట్టింది అని వెంట నడిచారు. 2016లో వచ్చిన ఫలితం ప్రకారం, ప్లాస్టిక్‌ని మెత్తబరిచే డీఈహెచ్‌పీ అనే థాలేట్ గుర్తులు మూత్రంలో ఎక్కువున్న ఆడవాళ్లకు తీయగలిగిన అండాలు తక్కువ, గర్భం నిలిచే అవకాశం తక్కువ, బిడ్డ చేతికొచ్చే అవకాశం కూడా తక్కువ. 2018లో ఇంకోటి వచ్చింది. పురుగుమందు అవశేషాలు ఎక్కువుండే పండ్లు, కూరగాయలు ఎక్కువ తిన్నవాళ్లకు ఐవీఎఫ్ ఫలితాలు తగ్గాయని, 325 మంది మీద చేసిన పని. కానీ బీపీఏ విషయంలో? వాటర్ బాటిళ్ల మీద ‘బీపీఏ ఫ్రీ’ అని రాస్తారు కదా, అదే. 2012లో అది ఎక్కువుంటే పిండం గర్భసంచిలో అతుక్కోవట్లేదన్నారు. 2015లో అదే బృందం ఇంకా ఎక్కువమందిని చూసి, అట్లాంటి సంబంధం కనిపించట్లేదని రాసింది. సైన్స్ ఇట్లాగే నడుస్తది. ఒక్క రీల్ చూసి ఇంట్లో డబ్బాలన్నీ బయట పారేసే ముందు ఇది గుర్తుండాలి.

సీసం దగ్గర మాత్రం ఇంత గందరగోళం లేదు. అది ఒంటికి పనికొచ్చే లోహం కానే కాదు. రక్తంలో ఎంతవరకు పర్వాలేదు అన్న లెక్క ఎట్లా దిగుతూ వచ్చిందో చూడండి. అమెరికాలో పిల్లల విషయంలో 1960ల్లో డెసిలీటర్ రక్తానికి 60 మైక్రోగ్రాములు దాటితేనే కంగారుపడేవాళ్లు. 1975లో 30కి దించారు. 1985లో 25. 1991లో 10. 2012లో 5. 2021లో 3.5. మనుషులు మారలేదు, సీసం మారలేదు. దగ్గరగా చూసే కొద్దీ తక్కువ మోతాదులో కూడా చెడు కనబడుతూ వచ్చింది. మన దేశంలో పెట్రోల్‌లో సీసం కలపడం 2000లో పూర్తిగా ఆగింది. అంటే 2000కి ముందు మదీనా చౌరస్తా ట్రాఫిక్‌లో పెరిగిన ప్రతి పిల్లాడూ ఆ పొగ పీల్చినవాడే.

ఇక చికిత్స సంగతి. 2003లో న్యూయార్క్‌లో సుసాన్ బెనాఫ్ బృందం ఐవీఎఫ్‌కొచ్చిన 140 జంటల్ని చూసింది. మగాయన వీర్య ద్రవంలో సీసం పెరిగే కొద్దీ ల్యాబ్‌లో అండాలు ఫలదీకరణ చెందడం తగ్గింది. అండం మంచిదే, ల్యాబ్ మంచిదే, సూది మందులకి పెట్టిన డబ్బూ అంతే. ఆయన ఒంట్లో సీసం ఉంది. అది ఎవరూ కొలవకపోతే, ఫైల్‌లో చివరికి మిగిలేది ‘ఫెయిల్డ్ సైకిల్’ అని ఆమె పేరు మీద ఒక మాట.

పాతబస్తీకి సీసం ఎన్ని దారుల్లో వస్తదో చూద్దాం. మొదటిది సుర్మా. చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లో, బండ్ల మీద చిన్న చిన్న సీసాల్లో దొరుకుతుంది. కళ్లకి చలువ అని తాతలనాటి నుంచి నమ్మకం, మతపరంగా కూడా దానికి గౌరవం ఉంది. ఆ నమ్మకాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. ఇబ్బంది ఏంటంటే, సుర్మా అని అమ్మే నల్లటి మెరిసే రాయిపొడి చాలాసార్లు గెలీనా, అంటే సీసం గంధకంతో కలిసిన ఖనిజం. బ్రిటన్‌లో 1970ల్లో మన ఉపఖండం నుంచి వెళ్లిన కుటుంబాల పిల్లల రక్తంలో సీసం ఎందుకు ఎక్కువుందని వెతికితే సుర్మా దగ్గర తేలింది. సీసం లేకుండా చేసినవి కూడా ఉన్నాయి. రంగు చూసి, మెరుపు చూసి మనం తేడా పట్టలేం.

రెండోది కుష్తా. చార్మినార్ పక్కనే, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో కట్టిన యునానీ దవాఖానా, నిజామియా టిబ్బీ కాలేజీ ఉన్నాయి. యునానీ వైద్యం అక్కడ చదువుకుని, నియమంగా చేసే విద్య. నేను మాట్లాడేది దాని గురించి కాదు. లోహాల్ని కాల్చి భస్మం చేసి ఇచ్చే కుష్తాల్ని ‘మర్దానా తాకత్’ అని, ‘ఔలాద్ గ్యారంటీ’ అని పొట్లాలు కట్టి అమ్మేవాళ్ల గురించి. సంతానం కోసం తపించే మనిషి దాన్నే కొంటాడు. అందులో సీసమో పాదరసమో ఉంటే, పిల్లల కోసం తీసుకున్న మందే పిల్లలకి అడ్డం పడుతుంది. 2012లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ తన వారపత్రికలో ఆరుగురు గర్భిణుల గురించి రాసింది. న్యూయార్క్‌లో ఉంటున్న వాళ్ల రక్తంలో సీసం ప్రమాదకరంగా ఉంది. కారణం ఇండియాలో తయారైన ఆయుర్వేద మందులు, మొత్తం పది రకాలు. కాబట్టి ఇది ఒక్క యునానీ పొట్లం గొడవే అనుకోవద్దు.

మూడోది కార్ఖానా. ఫలక్‌నుమా దాటి దక్షిణానికి పోతే కాటేదాన్. మన ఊళ్లోనే ఉన్న నేషనల్ జియోఫిజికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు అక్కడి మట్టి తీసి పరీక్షించి 2008లో పేపర్ వేశారు. సీసం, క్రోమియం, నికెల్, జింక్, ఆర్సెనిక్ లాంటివి మామూలుగా ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ. పాతబస్తీ నుంచి ఆ షెడ్లకి పనికి పోయే జనం ఉన్నారు. సాయంత్రం అదే చొక్కాతో ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకుంటారు. దుమ్ము చొక్కా మీద ఇల్లు చేరుతుంది.

సీసం రక్తంలో ఉండేది ఒక నెల లెక్క, తర్వాత చాలావరకు ఎముకల్లోకి చేరి అక్కడ పదుల ఏళ్లు ఉంటది. గర్భం వచ్చాక బిడ్డకి కాల్షియం కోసం తల్లి ఎముక కరుగుతుంది కదా, దాంతోపాటు ఈ పాత సీసం కూడా బయటికొస్తుంది. చిన్నప్పుడు పీల్చింది, ముప్పై ఏళ్లకి కడుపులో బిడ్డ దగ్గరికి చేరుతుందన్నమాట.

ఇప్పుడు మళ్లీ ఫైల్‌లో మొదటి కాగితానికి, ఏఎంహెచ్‌కి వద్దాం. ఫోన్‌లో ‘ఫర్టిలిటీ టెస్ట్ ప్యాకేజీ, ఇంతశాతం తగ్గింపు’ అని యాడ్ వస్తే దాంట్లో ఇదే ఉంటది. దీని కథ 1940ల్లో ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ జోస్ట్ కుందేళ్ల పిండాల మీద చేసిన ప్రయోగాలతో మొదలైంది. మగ పిండంలో ఆడ అవయవాలు పెరగకుండా ఆపే పదార్థం ఏదో ఉందని ఆయన పట్టుకున్నాడు. అదే ఏఎంహెచ్. ఆడవాళ్ల అండాశయంలో ఎన్ని అండాలు మిగిలాయో దీంతో అంచనా వేయొచ్చని చాలా తర్వాత, 2000 తర్వాతే ఎక్కువ వాడుకలోకి వచ్చింది. ఐవీఎఫ్‌లో సూదులకు ఎన్ని అండాలు రావచ్చో చెప్పడానికి ఇది బాగా పనికొస్తుంది. బిడ్డ పుడుతుందా లేదా చెప్పడంలో బలహీనం. 2017లో జామా జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో, 30 నుంచి 44 ఏళ్ల మధ్య, అప్పటిదాకా సంతాన సమస్య లేని ఆడవాళ్లలో, ఏఎంహెచ్ తక్కువున్నవాళ్లు కూడా మిగతావాళ్లలాగే గర్భం దాల్చారు. ఇరవై ఆరేళ్ల పిల్ల ఆన్‌లైన్‌లో పరీక్ష చేయించుకుని, నంబర్ తక్కువొచ్చిందని రాత్రంతా ఏడ్చిందంటే, ఆ ఏడుపుకి కారణం ప్యాకేజీ అమ్మినవాడు.

నంబర్ అంటే ఇంత నమ్మకం ఉన్న చోట, సీసం నంబర్ ఎవరూ అడగరు చూశారా? రక్తంలో సీసం పరీక్ష పెద్ద ల్యాబుల్లో దొరుకుతుంది. అందరికీ అక్కర్లేదు. బ్యాటరీ, పెయింట్, వెల్డింగ్, లోహాలు కరిగించే పని చేసేవాళ్లు, సుర్మా రోజూ పెట్టుకునేవాళ్లు, భస్మాలు, కుష్తాలు వాడినవాళ్లు డాక్టర్‌ని అడిగి చేయించుకోవడం మేలు.

మగవాళ్లకి ఇందులో ఒక ఊరట కూడా ఉంది. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. 1960ల్లోనే ఈ లెక్క తేల్చారు. అంటే ఇవాళ దుమ్ముకి దూరమైతే దాని ఫలితం కనబడటానికి మూడు నెలల దాకా పట్టొచ్చు. లక్షలు కట్టి సైకిల్ మొదలుపెట్టే ముందు ఆ మూడు నెలలు ఆగడం మంచిదా అన్నది మీ డాక్టర్‌తో మాట్లాడుకోవాల్సిన మాట. ఆమె వయసు ఎక్కువైతే ఆగడంలో నష్టం కూడా ఉంటది, కాబట్టి అందరికీ ఒకే సలహా నేనివ్వను. పని మానేయమని చెప్పడం కూడా నా వల్ల కాదు, ఇల్లు గడవాలి కదా. పని బట్టలు కార్ఖానాలోనే మార్చుకోవడం, ఇంటికొచ్చే ముందు చేతులు, మొహం కడుక్కోవడం, షెడ్డులో కూర్చుని తినకుండా బయటికొచ్చి తినడం, వీటికి పైసా ఖర్చు లేదు.

డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి. ‘బిజినెస్’ అని కాకుండా, ‘డాక్టర్ సాబ్, నేను పదేళ్ల నుంచి పాత బ్యాటరీలు విప్పే పని చేస్తున్నా’ అని చెప్పండి. కళ్లకి సుర్మా పెట్టుకుంటే ఆ సీసా, తాకత్ కోసం ఏదైనా తింటుంటే ఆ పొట్లం, రెండూ ఫైల్‌తోపాటు సంచిలో పెట్టుకుని పొండి.